రాత్రి కాపలా

మార్కాపురంలో పుట్టి, ఇక్కడే కాపురం చేస్తున్నదాన్ని. సముద్రమంటే నాకు కార్తీకమాసంలో కొత్తపట్నం వెళ్లి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కాళ్లు తడుపుకుని రావడమే. చేపంటే కంభం చెరువు చేప.

అలాంటి ఇంట్లో ఇంటర్ ఎంపీసీ చదివే మా అమ్మాయి ఎన్‌డీఏ పరీక్ష రాస్తానంది. నేవీలో చేరుతుందట! 2021లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఆడపిల్లల్నీ రాయనిస్తున్నారు. మా ఆయన అవుననలేదు, కాదనలేదు. అత్తయ్య మాత్రం "రాత్రిళ్లు నీళ్ల మీద ఆడపిల్లేంటే?" అని ఒకటే గోల.

దీనంతటికీ కారణం తారిణి. నేవీ వాళ్ల తెరచాప పడవ, పొడవు 55 అడుగులు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు ఆడవాళ్లు దాన్లో గోవా నుంచి బయల్దేరి, భూమి చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చారు. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య అందులో ఉన్నారు. ఆ ఏడు దీపావళి వాళ్లకి నడిసముద్రంలోనే. తర్వాత 2024 అక్టోబరులో అదే పడవలో దిల్నా, రూప ఇద్దరే వెళ్లి, మే నెలాఖరుకి వచ్చేశారు.

ఇద్దరే అంటే రాత్రి ఒకరు పడుకుంటే ఒకరు మేలుకోవాలి కదా. అసలు ఎలా చేస్తారని మా అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. పడవకి లంగరు వేసి పడుకోవడానికి అక్కడ అడుగు అందదు. చీకట్లో కూడా నడుస్తూనే ఉంటుంది. కాపలా ఉన్నవాళ్లు ఒంటికి తాడు కట్టుకుని పడవకి తగిలించుకుంటారు. కళ్లు చీకటికి అలవాటుపడి ఉండాలని ఎర్రదీపమే వాడతారు. ఓడలకి ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ. రెండూ ఒకేసారి కనిపిస్తే ఆ ఓడ తిన్నగా మన మీదకే వస్తోందని లెక్క! అది విన్నాక నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చేపలు పట్టడం మాత్రం భలే తేలిక. వల ఉండదు. గట్టి దారానికి ఉత్తుత్తి ఎర కట్టి పడవ వెనక వదిలేస్తారట. పడవ పోతుంటే అది ఈదుతున్న చిన్న చేపలా కనిపిస్తుంది. తెల్లవారుతూనో, పొద్దుగూకేటప్పుడో పెద్ద చేప వచ్చి పట్టుకుంటుంది. ఒక్కోసారి ఎగిరే చేపలు రాత్రి వాటంతటవే పడవలో పడతాయి, పొద్దున్నే ఏరుకోవడమే. మరి అది శుభ్రం చేసేదెవరు? ఊగే పడవలో పొలుసు గీకడం! మా పిల్ల ఇంతవరకు కత్తిపీట ముందు కూర్చోలేదు.

ఒక్క విషయంలో నాకు బెంగ లేదు. ఆ పడవల్లో మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి, గిన్నెలు ఉప్పునీళ్లతో కడిగి చివర్లో మాత్రమే మంచినీళ్లు పోయాలి. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి పెరిగిన పిల్లకి ఆ చదువు మా వీధే చెప్పేసింది.

రాత్రి కాపలా అంటారా, అత్తయ్యా, మీరూ నేనూ ఎన్ని చేయలేదు? చంటిపిల్లకి జ్వరమొస్తే వంతులేసుకుని కూర్చున్నది మనమే కదా అన్నాను. ఆవిడ మాట్లాడలేదు.

దరఖాస్తుకి ఆడపిల్లలకి ఫీజు లేదట, నింపేశాం. మా ఆయన పక్కనే కూర్చుని స్పెల్లింగులు సరిచూశారు. ఇప్పుడు చిక్కల్లా ఒకటే, పిల్లకి ఈత రాదు. సెలవుల్లో ఒంగోల్లో మా చెల్లెలింట్లో ఉంచుదామనుకుంటున్నా. అక్కడ ఆడపిల్లలకి ఈత నేర్పే ఆడవాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే కాస్త చెప్పండి.