నాన్న రాసిన చీటీలు

హైదరాబాదు బర్కత్‌పురలో మా ఇంటికి 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక వచ్చేది. నాన్న వకీలు, చదువంతా ఉర్దూలోనే. 1948 ఆగస్టులో, హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలవాలని ఏడుగురు ముస్లిం పెద్దలిచ్చిన ప్రకటనను ఆ పత్రిక వేసింది. నాన్న దాన్ని పైకి చదువుతుంటే అమ్మ లేచి వీధి కిటికీ మూసింది.

ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక ఆ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను కాచిగూడలో, ఇంటికి వెళ్తుంటే కాల్చి, చెయ్యి నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ చెయ్యీ పోయింది. తమకు ఎదురు లేచిన చేతులు తెగిపోవాలని, నిజాం పాలన నిలవాలని ఆయుధాలు పట్టిన రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ జమ్రూద్ మహల్ సభలో అని ఎన్నో రోజులు కాలేదు.

"వాళ్ల మనిషినే చంపిన్రు, మనల్ని ఇడుస్తరా?" అంది అమ్మమ్మ. గల్లీలో చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి. కాచిగూడలో రైలెక్కి కర్నూలు పోయారు. కోర్టు పనులున్నాయని నాన్న కదల్లేదు. చేతిలో డబ్బు లేకపోవడం అసలు సంగతి.

సెప్టెంబరు 13న భారత సైన్యం బయల్దేరింది. 17న నిజాం లొంగుబాటు రేడియోలో విన్నాం. భయం మా గోడ దూకి పక్కింటికి పోయింది. రూమీ టోపీ లేకుండా బయటికి రాని పక్కింటి చాచా ఉత్త తలతో మా గడప తొక్కాడు.

"వకీల్ సాబ్, నేను రజాకార్ కాదని ఓ చీటీ రాసియ్యుండ్రి."

నాన్న రాశాడు. గల్లీలో తనెరిగిన చాలామందికి రాశాడు. కత్తి పట్టుకుని ఇంటింటా చందా వసూలు చేసిన కుర్రాడికి మాత్రం రాయనన్నాడు. వాడి తల్లి ఏడుస్తూ వస్తే ఆమె పేర వేరే చీటీ రాశాడు. "వాడు చేసింది కోర్టు చూస్తది. ఈమె ఏం చేసింది?" అన్నాడు అమ్మతో.

తర్వాత కాలేజీలో నాజీ జర్మనీలో 1935 నాటి నూరెంబర్గ్ చట్టాల గురించి చదివాను. మనిషి ఏం చేశాడన్నది వాటికి అక్కర్లేదు. తాతలూ అవ్వలూ నలుగురిలో ముగ్గురు యూదులైతే చాలు, పౌరసత్వం పోయినట్టే. 1938 నవంబరులో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, సుమారు 30 వేల మంది మగవాళ్లను క్యాంపులకు తోలారు. మా దగ్గర అలాంటి చట్టం లేదు. అయినా పుట్టుక చూసి మనుషుల్ని చంపారు, ముందు రజాకార్లు పల్లెల్లో, తర్వాత పగ తీర్చుకునేవాళ్లు జిల్లాల్లో. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ఈ రెండో విడతలో పోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేలని లెక్కగట్టింది. ఆ నివేదికను దశాబ్దాలు దాచారు.

నాన్న చీటీల్లో కులం, మతం ఉండేవి కావు. మనిషి ఎక్కడ పనిచేశాడు, ఆ రోజుల్లో ఎక్కడున్నాడు, అంతే. చీటీ ఉన్నా చాచాను ఠాణాకు తీసుకుపోయారు. నాన్న నల్లకోటు తొడుక్కుని వెనకే వెళ్లాడు.