అబ్బాజాన్ కళ్లజోడు

అబ్బాజాన్ నలభయ్యవ దినపు ఫాతిహా ముగిసిన మరునాడు ఆయన కారును అమ్మివేయాలని నిశ్చయించుకున్నాము. శ్రీకాకుళం నుండి చీపురుపల్లి మీదుగా విజయనగరం వచ్చి, బాబామెట్ట దర్గాను దర్శించుకొని, చీకటి పడకముందే ఇల్లు చేరడం ఆయన అలవాటు. కారెక్కగానే చదువుకునే కళ్లజోడును తీసి, ముందు అద్దానికి పైన కప్పుకు బిగించిన పెట్టెలో పెట్టేవారు. దానిని కన్సోల్ అంటారట. రెండు చిన్న దీపాలు, మైకు జాలీ, కళ్లజోడుకొక అర, అన్నీ అందులోనే. కడపటి ప్రయాణంలో ఆ అర మూత బిగుసుకుపోయింది. కళ్లజోడు లోపలే ఉండిపోయింది.

“కారు ఎవరికిచ్చినా సరే, అది మాత్రం నాకు తెచ్చిపెట్టు బేటా” అన్నది అమ్మీ.

స్క్రూడ్రైవరు మొనను మూత సందులో దూర్చి తిప్పాను. మూత కదలలేదు. ప్లాస్టిక్కు మీద వేలెడంత గీత పడింది. మరికొంచెం బలం చేస్తే లోపలి అద్దాలే పగిలేవి.

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి దగ్గరలో ఒక వృద్ధ మేస్త్రీ ఉన్నాడని తెలిసి వెళ్లాను. ఆయన గీతను వేలితో తడిమి, “ఏటి మాస్టారూ, ఇలగ పొడిసీసినారు? మూత జోలి ఒగ్గీయండి. పెట్టి మొత్తం దించీద్దుం” అన్నాడు. 2020లో ఆ కూడలిలోని పాత లాంతర్ల స్తంభాన్ని తొలగించినప్పుడు ఎందరో నొచ్చుకున్నారు. ఆ మాట ఎత్తి, “దించడం ఏరు, పడగొట్టడం ఏరు” అంటూ చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. కప్పుకు అతికిన గుడ్డ లేత రంగుది, వేలి మరక పడితే పోదట.

ముందుగా బ్యాటరీ నెగిటివ్ తీగను విప్పాడు. లోపలి తీగ ఏదైనా ఇనుముకు తగిలితే ఫ్యూజు కాలిపోతుంది. స్క్రూడ్రైవరు బదులు పలుచని ప్లాస్టిక్కు బద్దను తీసుకొని, దీపం మీది అద్దాన్ని ఒక అంచున మెల్లగా లేపాడు. దాని వెనుక రెండు మరలు కనిపించాయి. బయటినుండి ఎంత చూచినా అవి కంటబడవు. మరలు విప్పిన తరువాత వెనుక అంచు స్ప్రింగు క్లిప్పులతో పట్టుకొని ఉన్నది. మూలను పట్టి లాగితే క్లిప్పు కాళ్లు విరుగుతాయి. క్లిప్పు ఉన్న చోటనే వేళ్లు ఆనించి, తిన్నగా కిందికి లాగాలి. అన్ని కార్లకూ ఇదే వరుస కాదనీ, కొన్నింటికి మరలే ఉండవనీ, కప్పు అంచులలో గాలిసంచులు దాచిన బండ్లలో ఆ ప్రక్కల బద్ద దూర్చరాదనీ చెప్పాడు.

తరగతిలో సంధులు విడదీయడం నా నిత్యకృత్యం. రెండు పదాలు ఎక్కడ కలిసినవో ఎరుగని విద్యార్థి మాటను నడుమ నరికివేస్తాడు, నేను కోప్పడతాను. ఆనాడు నా చేతిలో స్క్రూడ్రైవరు ఉండగా ఆ కోపం ఎటు పోయిందో!

టక్కున ఒక చప్పుడు, మరొకటి. పెట్టె రెండంగుళాలు దిగి తీగలకు వేలాడింది. నేను ఆత్రపడి చేయి చాచాను. “ఆగండి బాబూ!” తీగలను లాగకూడదు. కనెక్టరుకు చిన్న నాలుక ఉంటుంది, దానిని నొక్కిపట్టి కనెక్టరునే వెనుకకు తీయాలి. తీసి, పెట్టెను నా ఒడిలో పెట్టాడు.

కళ్లజోడు కాడ ఒకటి మూత మడతబందులో ఇరుక్కున్నది. ఏనాడో మర ఊడిన ఆ కాడకు అబ్బాజాన్ నల్లదారం చుట్టుకున్నారు. దారపు పోగు బందును చుట్టుకొని మూతను బిగించివేసింది. కత్తిరిద్దామన్నాడు మేస్త్రీ. నేను వద్దన్నాను. అరగంట కూర్చొని పోగు పోగు విడదీశాను. ఆయన టీ తెప్పించాడు.

అమ్మీ అద్దాలు తుడిచింది కాని దారం మార్చనివ్వలేదు.

పెట్టె బిగించేటప్పుడు ఒక క్లిప్పు కప్పు రంధ్రంలోనే ఉండిపోయి, పటకారుతో తీయబోతే విరిగింది. గతుకులలో అక్కడ సన్నగా టకటకమంటుంది. కారు కొనవచ్చిన పెద్దమనిషికి గీత సంగతీ, ఈ చప్పుడు సంగతీ ముందే చెప్పాను. ఆయన ధర కొంచెం తగ్గించి అడిగాడు. ఒప్పుకున్నాను.