ఫ్రిజ్‌లో చలికాలం

గోదావరిఖనిలో డాఫొడిల్ పూయిస్తానంటే మా కాలనీలో నవ్వనివాళ్లు లేరు. నవ్వరా మరి! మే నెలలో ఇక్కడి ఎండ మీకు తెలిసిందే. పొద్దున తుడిచిన వరండా మీద సాయంత్రానికి నల్లటి పొర. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అయితే కిటికీలు గలగలమంటాయి.

ఇంగ్లండ్ వెళ్లిన అక్క మొదటి మార్చిలోనే వీడియో కాల్‌లో పార్కు నిండా పసుప్పచ్చ పూలు చూపించింది. అమ్మ అక్క మొహం కంటే ఆ పూలనే ఎక్కువ చూసింది. "గివి మన దిక్కు పెరుగయా?" అంది. అమ్మ ఏదీ అంత సూటిగా అడగదు. పైగా వచ్చే మార్చి ఆఖరుకి బాపు రిటైర్మెంట్, సింగరేణి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఇన్నేళ్లూ అమ్మ పెంచిన పెరట్లో ఆ పువ్వు పూయాలంటే మిగిలింది ఒక్క చలికాలం.

డాఫొడిల్‌ది ఉల్లిగడ్డలాంటి దుంప. మొగ్గ లోపల ముందే తయారై ఉంటుంది. కానీ 12 నుంచి 16 వారాలు గట్టి చలి తగిలితేగానీ కాడ సరిగ్గా సాగదు. కశ్మీర్‌కి అది ఊరికే దొరుకుతుంది. మనకు ఫ్రిజ్ ఒక్కటే దిక్కు.

అక్క సూట్‌కేసులో తెస్తానంటే వద్దన్నా. వేరే దేశం దుంపలకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. అక్టోబర్‌లో ఆన్‌లైన్‌లో ఆరు తెప్పించి, చిల్లులు పెట్టిన కాగితం కవర్లో కూరగాయల డబ్బాలో పెట్టా. ఆ ఫ్రిజ్‌లో ఆపిల్ పెట్టకూడదు. పండ్లు వదిలే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. మూడు నెలలు మా ఇంట్లో ఆపిల్ బంద్! కవర్ మీద పెద్దక్షరాలతో 'ఉల్లిగడ్డ కాదు' అని రాశా. దుంపలో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులే. సెకండ్ షిఫ్ట్ దిగి అర్ధరాత్రి ఆమ్లెట్ వేసుకునే మనిషి మా బాపు. అందుకే పిన్నులు కూడా కొట్టా.

జనవరి మొదట్లో కుండీలోకి మార్చాం. మొన పైకి ఉండాలి, నీళ్లు నిలవకూడదు, అంతే. ఆకుల మీద పడే బొగ్గు దుమ్మును అమ్మ రోజూ తడిబట్టతో తుడిచేది, చంటిపిల్ల మొహం తుడిచినట్టు. ఆరింటిలో నాలుగు మొలిచాయి, రెండు పూశాయి. నాలుగు రోజులున్నాయి. బాపు ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే కుండీ ముందు కూర్చుని "గింతేనా?" అన్నాడు. మర్నాడు తోటి కార్మికులు ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు.

నిజం చెప్పాలంటే ఇది ఒక్కసారి ముచ్చటే. పూత అయ్యాక ఆకులు ఆరువారాలైనా పచ్చగా ఉండి దుంపకు తిండి కూడబెట్టాలి. మన మార్చి ఎండ అంత టైమివ్వదు. ఏటా పూసేది కావాలంటే ఫుట్‌బాల్ లిల్లీ పెంచండి. అదీ డాఫొడిల్ కుటుంబమే. చలికాలమంతా మట్టిలో నిద్రపోయి, ఎండలు ముగిసి వానలు మొదలయ్యేవేళకి ఎర్రటి బంతిలా లేస్తుంది. ఫ్రిజ్ అక్కర్లేదు.

నల్లా పక్కన అమ్మ ఎప్పుడో పాతినవి ఉన్నాయి. క్వార్టర్ ఖాళీ చేసే వారం బాపు పారతో తవ్వితే పదకొండు దుంపలొచ్చాయి. అమ్మ ఎనిమిదింటిని సంచిలో వేసింది. మూడింటిని అక్కడే మళ్లీ పూడ్చి, నీళ్లు పోసింది. ఆ క్వార్టర్ ఎవరికి అలాట్ అవుతుందో మాకింకా తెలీదు.