జలుబుకూ హోదా తెలుసు!

నిన్న పెళ్లిలో బంతి భోజనాల దగ్గర ఓ పెద్దాయన "ఏమ్మా, ఇంకా అద్దె ఇల్లేనా?" అన్నాడు, పక్క విస్తరివాళ్లకూ వినపడేలా. పూర్ణం బూరె గొంతు దిగలేదు. రాత్రి నిద్ర పడితే ఒట్టు.

2008లో అమెరికాలో షెల్డన్ కోహెన్ బృందం ప్రచురించిన అధ్యయనం గుర్తొచ్చింది. 193 మంది ఆరోగ్యవంతులకు నిచ్చెన బొమ్మ చూపించి, "సమాజంలో మీది ఏ మెట్టు?" అని అడిగారు. ముక్కులో వైరస్ చుక్కలు వేశారు. తమది కింది మెట్టే అనుకున్నవాళ్లకు జలుబు ఎక్కువగా పట్టింది. నిజమైన ఆదాయం, చదువు లెక్కలోకి తీసుకున్నా అంతే! నిద్ర సరిగా లేకపోవడమూ అందులో ఒక కారణమట.

పొద్దున్నుంచీ తుమ్ములు. పెద్దాయనా, ఆ నిచ్చెన మీ ఇంట్లోనే ఉంచుకోండి. నాకు మిరియాల పాలు చాలు.