బెజవాడలో రెండు కళాశాలలు

ఇంటర్ ఫలితములు రాగానే ప్రతి ఇంట వినబడే మాట ఒక్కటే: "పిల్లను ఎక్కడ చేర్పించాలి?" ఈసారి మా సంఘములో దానితోపాటు మరొక మాట కూడా వచ్చింది. "ఆర్.సి.ఎం. కాలేజీలో చదువు, క్రమశిక్షణ బాగుంటాయంటారు. కానీ మన పిల్లలను పూజకు, జపమాలకు కూర్చోబెడతారేమో!" అని పెద్దలు సందేహించారు. చెప్పుడు మాటలు వినుటకంటె స్వయంగా చూచుట మంచిదని మూడు కుటుంబముల వారము పిల్లలను వెంటబెట్టుకొని విజయవాడ బయలుదేరాము.

పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో దిగి, బందరు రోడ్డు మీదుగా ఆటోలో బెంజి సర్కిల్ చేరాము. దానికి దగ్గరలోనే ఆడపిల్లల కొరకు మారిస్ స్టెల్లా కళాశాల ఉన్నది. లాటిన్‌లో ఆ పేరుకు 'సముద్ర నక్షత్రము' అని అర్థం. అది కతోలికులు మరియమ్మకు ఇచ్చుకున్న బిరుదు. ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ అను కన్యాస్త్రీలు 1962లో దీనిని ప్రారంభించారు. వారి సంస్థ 1877లో ఊటీలో పుట్టినదని తెలిసి మేము ఆశ్చర్యపోయాము.

తరువాత ఆంధ్ర లొయోలా కళాశాలకు వెళ్లాము. దీనిని 1953లో స్థాపించినవారు జెస్యూట్ గురువులు. 1540లో పోపు ఆమోదము పొందిన ఈ సభకు మూలపురుషుడు స్పెయిన్ దేశస్థుడైన లొయోలా ఇగ్నేషియస్. అక్కడికి కొద్ది దూరంలోనే గుణదల కొండ. ప్రతి ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవమునకు జనం తండోపతండాలుగా వచ్చేది అక్కడికే. మా పెద్దల భయమంతా ఆ కొండను చూసే!

ఆ భయమునకు జవాబు మన రాజ్యాంగములోనే ఉన్నది. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కు 30వ అధికరణము ఇస్తుంది. అయితే ప్రభుత్వ గుర్తింపు గాని సహాయము గాని పొందిన సంస్థలో చదివే ఎవరినీ వారి సమ్మతి లేకుండా మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మని బలవంతపెట్టరాదని 28వ అధికరణము చెబుతుంది. పిల్లలు మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇది విని మాలో ఒక అమ్మాయి, "తాతయ్యా, నా బైబిలు నా పెట్టెలోనే ఉంటుందిలే!" అన్నది. ఆ పెద్దాయన నవ్వి ఊరుకున్నారు.

గుంటూరులో లూథరన్ మిషను స్థాపించిన ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో 1885 నుండి అన్ని మతముల పిల్లలూ చదువుకున్నారు. మన వాకిట ఇతరులు చదివినట్లే ఇతరుల వాకిట మనమూ చదువవచ్చును గదా!

అసలు చిక్కు కాగితముల దగ్గర. క్రైస్తవ కోటాలో సీటు కోరితే బాప్తిస్మ పత్రము గాని పాస్టరు గారి ఉత్తరము గాని అడుగుతారు. కతోలికులు దీనిని జ్ఞానస్నానము అంటారు. కొన్ని సంఘములలో పెద్దవారైన తరువాతనే బాప్తిస్మము ఇస్తారు గనుక, అట్టి పిల్లలు ఏ పత్రము తేవాలో ముందే అడగాలి.

ఇంకొక మాట నిర్మొగమాటముగా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్.సి. హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే. ఎస్.సి.ల నుండి క్రైస్తవులైన వారిది మన రాష్ట్రంలో బి.సి. 'సి' వర్గము. ఒక చేత ఎస్.సి. పత్రము, మరొక చేత బాప్తిస్మ పత్రము పట్టుకున్న కుటుంబములు మన పల్లెల్లో ఎన్నో! వారి పేదరికము మాకు తెలుసు. తీర్పు తీర్చుట మా పని కాదు. కాని ఒకే దరఖాస్తులో రెండు మాటలు చెబితే రేపు కష్టపడేది పిల్లలే. ఇంట్లో కూర్చొని నిర్ణయించుకొని, ఆ తరువాతనే కలము పట్టండి.

దరఖాస్తుకు ముందు ఇవి కూడా తెలుసుకోండి: సీట్లు ప్రభుత్వ ఆన్‌లైన్ కౌన్సెలింగు ద్వారానా, కళాశాలే ఇస్తుందా? ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుందా? హాస్టలు ఖర్చెంత? ఆదివారము మన గుడికి వెళ్లనిస్తారా? డిగ్రీలో మేజర్ సబ్జెక్టు పిల్లలు ఇష్టపడి ఎన్నుకున్నదేనా?

కళాశాల పేరు చూసి భయపడవద్దు, పేరు చూసి మురిసిపోనూ వద్దు. వెళ్లి చూడండి, అడగండి, ప్రార్థించి నిర్ణయించండి. ఇంట వేసిన పునాది గట్టిదైతే బిడ్డ ఎక్కడ చదివినా నిలబడుతుంది.