పదహారు మెట్లు

పోయిన డిసెంబరు సెలవుల్లో లండన్ నుంచి మారిషస్ వెళ్ళాం. మావారూ, బాబూ సముద్రం వదల్లేదు. నేనూ, మా అమ్మాయీ ఒక పూట పోర్ట్ లూయిస్ రేవు దగ్గరున్న ఆప్రవాసీ ఘాట్ చూడ్డానికి వెళ్ళాం. దాని పాత పేరు కూలీ ఘాట్.

1834 నుంచి 1920 దాకా మన దేశం నుంచి దాదాపు ఐదు లక్షల మంది ఒప్పందపు కూలీలుగా మారిషస్‌కు వచ్చారు. చెరుకు తోటల్లో పని. మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఘాట్‌లో పదహారు రాతిమెట్లు మిగిలాయి. ఓడ దిగినవాళ్ళు ఇవెక్కే లోపలికి వెళ్ళేవారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు రాసేవారు. వాళ్ళలో ఆడవాళ్ళు తక్కువ.

మెట్లు లెక్కపెడుతూ మా అమ్మాయి అడిగింది. "అమ్మా, నువ్వు లండన్ ఎందుకొచ్చావు?"

"నాన్న ఉద్యోగం కోసం" అనబోయి ఆగాను. పదిహేనేళ్ళ క్రితం వీసా కాగితంలో నా పేరు పక్కన డిపెండెంట్ అని ఉంది. నేను వదిలొచ్చిన లెక్చరర్ ఉద్యోగం ఏ కాగితంలోనూ లేదు.

నేను కాలేజీలో చెప్పింది జాగ్రఫీయే. 1885లో రావెన్‌స్టీన్ బ్రిటన్ జనాభా లెక్కలు చూసి వలస సూత్రాలు రాశాడు. ఎక్కువమంది దగ్గరి ఊళ్ళకే కదులుతారనీ, ఆ దగ్గరి వలసల్లో ఆడవాళ్ళే ఎక్కువనీ గమనించాడు. 1966లో ఎవరెట్ లీ ఇంకో మాట చెప్పాడు. ఉన్న ఊరి నుంచి తోసేవీ, వెళ్ళే ఊరికి లాగేవీ, దారిలో అడ్డుపడేవీ కలిసి వలసను నడుపుతాయన్నాడు. అందరూ తమ ఇష్టంతో కదలరనీ, నచ్చిన చోటు వదిలి భర్తల వెంట వెళ్ళే భార్యలుంటారనీ కూడా రాశాడు. పరీక్షలో అడగరని ఆ మాట క్లాసులో దాటేసేదాన్ని.

మా అమ్మమ్మ మండపేట నుంచి కాకినాడకు కాపురానికొచ్చింది. దాన్ని మా ఇంట్లో ఎవరూ వలస అనలేదు. కానీ మన దేశపు జనాభా లెక్కల్లో ఆడవాళ్ళ వలసకు అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్ళే. మనం కాపురానికి వెళ్ళడం అనేదాన్ని లెక్కలు వలసే అంటాయి.

అందుకే అమ్మాయికి అమ్మమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. వదిలొచ్చిన ఉద్యోగం సంగతీ చెప్పాను. అది కాసేపు ఊరుకుని, "నీ స్టూడెంట్స్ పేర్లు గుర్తున్నాయా?" అంది.

గుర్తున్నాయి. ఘాట్ బయటికొచ్చేదాకా ఒక్కొక్కటే చెప్తూనే ఉన్నాను.