అడ్డపొగ

మా నేస్తం నోట్లో పుండు మేము మొదటిసారి చూసింది దసరా సెలవులకు ముందు, బడి వంటపాకలో. చోడి అంబలి మింగలేక గిన్నె పక్కన పెట్టేసింది. నోరు తెరవమన్నాం. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే అంగిలంతా తెల్లగా పాలిపోయి ఉంది, మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రటి గుంట. "ఆషాఢం నుంచీ ఉందిలే, వేడి చేసింది" అంది.

నేస్తం అంటే ఉత్త స్నేహితురాలు కాదు. మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మైదానం నుంచి వచ్చి మా దగ్గర పనిచేసే టీచర్ల కోసం రాస్తున్నాం. చిన్నప్పుడే పెద్దలు మాకు నేస్తం కట్టారు. ఆనాటి నుంచి పేరు పెట్టి పిలుచుకోకూడదు. రెండిళ్లూ ఒకటే, పెళ్లికైనా చావుకైనా ముందు నిలబడాలి. అందుకే ఇందులో 'మేము' అనే రాస్తున్నాం, ఒక్కరం చేసిందేమీ లేదు. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా ఒకే చాప మీద కూర్చున్నాం. ఆమె చదువు అక్కడే ఆగింది. మేము టీటీసీ చేసి మా ఊరి బడికే వచ్చాం. ఆ బడిలోనే ఆమె మధ్యాహ్న భోజనం వండేది.

చుట్ట కూడా కలిసే నేర్చుకున్నాం. అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం. మా అమ్మమ్మలు అలాగే తాగేవారు. నాట్లప్పుడు వాన పడినా చుట్ట ఆరదు, చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది. పనిచేసే ఆడవాళ్లు ఆలోచించి పెట్టుకున్న అలవాటది. దాన్ని చూసి నవ్వేవాళ్లతో మేము కలవం. కానీ ఆ నిప్పు వేడి, ఆ పొగ అంతా అంగిలికే తగులుతుంది. మేము హాస్టల్లో వార్డెన్ భయానికి మానేశాం. మాకూ ఆమెకూ తేడా అంతే, మాకు తెలివి ఎక్కువై కాదు.

1971లోనే శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10 వేల మందికి పైగా నోళ్లు తెరిపించి చూసి, అడ్డపొగ తాగేవాళ్ల అంగిలిలో ఏ మార్పులొస్తాయో పరిశోధకులు రాశారు. మేము పుట్టకముందు సంగతి. మా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. ఐదో తరగతికి 'పొగాకు ఆరోగ్యానికి హానికరం' అని బోర్డు మీద రాసేవాళ్లం, కిటికీ అవతల పొయ్యి దగ్గర నేస్తం అడ్డచుట్ట తాగుతూ ఉండేది. ఏళ్ల తరబడి అలాగే జరిగింది. ఆ మాట ఒక్కనాడూ కిటికీ దాటించలేదు.

ఆలస్యమైతే నెపం దిసారి మీద వేయడం అందరికీ అలవాటు. మా దిసారి కోడిని కూడా అడగలేదు. "ఇది నా చేతిలోది కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్నాడు. ఆ మాట వినకుండా మూడు నెలలు పుక్కిలించే మందు వాడింది సంతలో సూదులు వేసే ఆయన దగ్గర. ఆయన ప్యాంటు వేసుకుంటాడు కాబట్టి దాన్నెవరూ మూఢనమ్మకం అనరు.

విశాఖ మాకు 120 కిలోమీటర్లు. ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు ఆమె వైపు కాక మా వైపు చూసి చెప్పారు. క్యాన్సర్, నాలుగో దశ. మాకు కాళ్లు ఆడలేదు. నాలుగు అంటే ఇంక అయిపోయినట్టే అనుకున్నాం. ఆయనే మళ్లీ కూర్చోబెట్టి, నోటి క్యాన్సర్ ఎముకలోకి దిగితే నాలుగో దశ అంటారనీ, ఊపిరితిత్తులకు పాకలేదు కాబట్టి ఆపరేషన్ చేయవచ్చనీ విడమరిచారు. ఇది ముందే తెలిస్తే ఆ పది నిమిషాలు అలా ఉండేవి కావు.

వాళ్లాయన "మీ నేస్తానికి చెప్పొద్దు" అన్నాడు. బస్టాండులో ఆమే అడిగింది, "ఏటన్నారు?" అని. నేస్తానికి అబద్ధం చెప్పకూడదు. చెప్పేశాం. చాలాసేపు బస్సుల వైపు చూసి, "కాఫీ పళ్లు ఎవలు కోస్తారు?" అంది.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అనుకుంటే, ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, బియ్యం కార్డులో మరో రకంగా ఉందని కౌంటరు దగ్గర వెనక్కి పంపారు. మా ఇంటిపేర్లు రాసేవాళ్ల చేతికి ఎప్పుడూ సరిగ్గా దొరకవు. తొమ్మిది రోజులు తిరిగాం. పిల్లలకు ఒత్తులు నేర్పే మేము, మా నేస్తం పేరులో ఒక్క ఒత్తు కోసం మండలాఫీసు మెట్ల మీద కూర్చున్నాం. టీచర్లకు ఒక మాట. మీ తరగతిలో పిల్లల ఆధార్లు ఈ వారమే తీసి చూడండి.

ఆపరేషన్లో పైదవడ ఎముకతో పాటు అంగిలి సగం తీసేశారు. ఆ గుంటకు పళ్లసెట్టు లాంటి పలక చేసి పెట్టారు. అది లేకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట అర్థం కాదు. కొన్నాళ్లు ముక్కు గొట్టం. తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు వారాలు. వంతులు వేసుకున్నాం. మా సెలవులు అయిపోయాక మా ఇంటాయన వెళ్లారు, తర్వాత ఆమె ఆడపడుచు. మేము లేని రోజుల్లో తోటి టీచరు ఐదు తరగతులూ ఒక్కడే చూశాడు. ఊళ్లో కాఫీ పళ్లు ఇంటికొకరు వెళ్లి కోశారు. వైద్యం ఖర్చు కార్డు మీద పోయింది గానీ అద్దెగది, తిండి, బస్సు మాత్రం కార్డు మీద పోవు. రెండు మేకలు అమ్మారు. మేమిచ్చింది రాసుకోలేదు, నేస్తాల మధ్య పద్దు ఉండదు.

రేడియేషన్‌కు ముఖానికి సరిపోయేలా ప్లాస్టిక్ ముసుగు చేసి బల్లకు బిగిస్తారు. మొదటి రోజు గింజుకుంది. తర్వాత తనే ఒక ఉపాయం కనిపెట్టింది. కళ్లు మూసుకుని ఊరి నుంచి సంతకు నడుస్తుందట. గెడ్డ దాటి, చింతచెట్టు దాటి, ఎక్కుడు ఎక్కి. "సంత రాకముందే లేపేస్తారు" అనేది.

చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది ఫలానావాళ్లు ఎలా చనిపోయారో చెప్పి వెళ్లారు. ఒక ముసలమ్మ మాత్రం ఏమీ మాట్లాడకుండా పేలు చూసి వెళ్లింది. ఆమె మళ్లీ ఎప్పుడొస్తుందని నేస్తం రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు వంట మానేసింది, పొయ్యి పొగ పడదు. నోరు ఎండిపోతుంది, కారం తినలేదు. మధ్యాహ్నం బడికి వచ్చి కూర్చుంటుంది. పిల్లలు అడిగితే పలక తీసి ఆ గుంట చూపిస్తుంది. మొదటిసారి మేము వద్దన్నాం. "నువ్వు బోర్డు మీద రాయి, నేను నోరు తెరుస్తాను" అంది. ఆ సాయంత్రం ఇద్దరు పిల్లలు వాళ్ల అవ్వలను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. అవ్వలు చూశారు. ఒకావిడ చుట్ట మానేసింది, రెండో ఆవిడ తాగుతూనే ఉంది.

మొదటి రెండేళ్లు జాగ్రత్తగా చూసుకోవాలన్నారు డాక్టరు. ఆపరేషన్ అయి 14 నెలలైంది. మెడ కింద చిన్న గడ్డలా తగులుతోందని మొన్న సంతలో చెప్పింది. మేమూ తడిమి చూశాం, తెలియలేదు. పరీక్షకు వచ్చే నెల రమ్మన్నారు గానీ అప్పటిదాకా ఆగడం లేదు. సోమవారం తెల్లవారుజాము బస్సుకు వెళ్తున్నాం. సెలవు చీటీ రాసి పెట్టాం.